ఆరోవాడు లేకపోతే...

ప్రతి పెళ్లింట్లోనూ ఓ మనిషి ఉంటాడు. పీటల మీద కూర్చోడు. ఫొటోల్లో ముందు వరసలో కనపడడు. శుభలేఖలో అతని పేరు ఏ మూలనో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కానీ వంటశాలలో గ్యాస్ బండ అయిపోయినా, మగపెళ్లివారి బస్సు దారి తప్పినా, పంతులుగారికి ఉన్నట్టుండి మరో కొబ్బరికాయ కావాల్సొచ్చినా అందరి నోటా వచ్చేది అతని పేరే. అతనున్నంతసేపూ ఆ పనులన్నీ వాటంతటవే జరిగిపోతున్నట్టు ఉంటాయి. ఏ జ్వరమో వచ్చి అతను మంచమెక్కిన రోజున తెలుస్తుంది, ఎన్ని పనులు అతని చేతిమీదుగా నడుస్తున్నాయో!

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లలోనూ అలాంటి మనిషి ఒకడుంటాడు. రిజర్వు పొడగరి. ఆట మొదలయ్యేటప్పుడు మైకులో పేరు పిలిచే అయిదుగురిలో అతను ఉండడు. తెల్లారి పేపర్లో అతని గురించి ఒక్క వాక్యం రాదు. గాయమై బెంచీ మీదనుంచి కూడా మాయమైతే మాత్రం మొత్తం జట్టు నడక మారిపోతుంది. ఒక్కోసారి చరిత్రే మారిపోతుంది.

నలభై నిమిషాలు... అయిదు ఫౌళ్లు

రిజర్వు ఆటగాడనగానే మనకు క్రికెట్‌లో పన్నెండోవాడు గుర్తొస్తాడు. విరామంలో నీళ్లు మోసుకొస్తాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే వచ్చి ఫీల్డింగ్ చేస్తాడు. మామూలుగా బ్యాటు, బంతీ అతని చేతికివ్వరు. బాస్కెట్‌బాల్‌లో పద్ధతి వేరు. కోర్టులో ఉండేది అయిదుగురే అయినా, ఆట ఆగినప్పుడల్లా కోచ్ ఆటగాళ్లను మార్చుకోవచ్చు. బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు. కాబట్టి బెంచీ మీద కూర్చున్నవాడు ఖాళీగా ఉన్నట్టు కాదు. ఏ నిమిషాన పిలుపొస్తుందో తెలీదు.

కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు. ఇరవై నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు. ఒక ఆటగాడు అయిదు ఫౌళ్లు చేస్తే ఇక ఆ మ్యాచ్‌లో ఆడటానికి లేదు. బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని కింద నిలబడి ఎదుటివాళ్ల బంతిని అడ్డుకోవడం, గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం పొడగరుల పని. బంతితో దూసుకొచ్చేవాళ్లంతా చివరికి వచ్చి తగిలేది వాళ్లకే. అందుకే ఫౌళ్లు ఎక్కువగా పడేదీ వాళ్లకే. ఒళ్లు పెద్దది కాబట్టి ఆయాసమూ ఎక్కువే. జట్టులో ప్రధాన పొడగరి ఎంత గొప్పవాడైనా నలభై నిమిషాలూ అతన్నే నిలబెట్టడం చాలా కష్టం. ఆ ఖాళీ నిమిషాలు నింపేవాడు మరొకడు కావాలి.

ఇంతవరకూ అందరికీ తెలిసిన లెక్కే. తెలియని లెక్క ఇంకొకటుంది. వెనకాల మరొకడున్నాడన్న ధైర్యం ముందున్నవాడి ఆటను మార్చేస్తుంది. తనకు రెండో ఫౌల్ పడినా ఫర్వాలేదు అనుకునేవాడు బంతిని అడ్డుకోవడానికి గాల్లోకి ఎగురుతాడు. తన తర్వాత ఎవరూ లేరని తెలిసినవాడు ఎగరడు. చేతులు పైకెత్తి నిలబడతాడు. బంతి బుట్టలో పడుతుంటే చూస్తాడు. ఎదుటి జట్టు కోచ్‌కి ఈ సంగతి క్షణాల్లో అర్థమైపోతుంది. వరసగా అతని మీదికే బంతిని పంపుతాడు. దాంతో బయట కాపలా కాయాల్సిన గార్డులు సాయానికి లోపలికి పరుగెడతారు. బయట ఖాళీ అవుతుంది. అక్కణ్నుంచి మూడు పాయింట్ల షాట్లు పడతాయి. ఒక్క మనిషి లేని లోటు అయిదుగురి ఆటలోనూ కనిపిస్తుంది.

సాధన సంగతి చూసినా అంతే. రోజూ ప్రధాన పొడగరిని ఢీకొని, తోసి, విసిగించి రాటుతేల్చేది ఈ రిజర్వు ఆటగాడే. అతను లేకపోతే ఎదురు నిలబడే ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు ఉండడు. పైగా ‘ఉన్న ఒక్కడికీ దెబ్బ తగిలితే ఎలా’ అన్న భయంతో కోచ్ సాధనలో జోరు తగ్గిస్తాడు. ఆ మెతకదనం మ్యాచ్‌లో బయటపడుతుంది.

అయిదో ఫౌల్

ఈ పొడగరి జట్టుకు దూరం కావడానికి గాయమే కానక్కర్లేదు, రిఫరీ ఈల చాలు. 2017 ఏప్రిల్ 3న అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో జరిగిన జాతీయ ఫైనల్ అందుకు ఉదాహరణ.

ఆ టోర్నమెంట్ గురించి రెండు మాటలు. ఏటా మార్చిలో మొదలవుతుంది. 68 కాలేజీల జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటికే. నాలుగు విభాగాలు చేసి, ఒక్కో విభాగంలో 1 నుంచి 16 వరకూ ర్యాంకులు ఇస్తారు. అమెరికా అంతా ఆఫీసు పనులు పక్కనపెట్టి మరీ చూస్తుంది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఏ జట్టు ఎంతవరకూ వెళ్తుందో ముందే కాగితం మీద రాసుకుని, పెద్దవాళ్లతో పందాలు కాసేదీ ఈ టోర్నమెంటుకే.

ఆ ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలోని గొంజాగా విశ్వవిద్యాలయం మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. అప్పటికి ఆ సీజన్‌లో ఓడింది ఒక్క మ్యాచే. బుట్ట కింద ప్రధాన ఆటగాడు పోలండ్ నుంచి వచ్చిన షెమెక్ కార్నోవ్‌స్కీ, 7 అడుగుల 1 అంగుళం ఆజానుబాహుడు. అతనికి తోడు జాక్ కాలిన్స్. మొదటి సంవత్సరం విద్యార్థి, 7 అడుగుల పొడవు. సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్‌లోనూ మొదటి అయిదుగురిలో లేడు. కానీ సెమీఫైనల్లో సౌత్ కరోలినా మీద బెంచీ నుంచి వచ్చి 14 పాయింట్లు, 13 రీబౌండ్లు సాధించి, 6 షాట్లను గాల్లోనే కొట్టేశాడు. గొంజాగా 77-73తో గట్టెక్కింది.

ఫైనల్లో ప్రత్యర్థి నార్త్ కరోలినా. అది ఈలల రాత్రి. రెండు జట్లకూ కలిపి 44 ఫౌళ్లు. కార్నోవ్‌స్కీ ఆ రోజు ఎనిమిది షాట్లు వేస్తే పడింది ఒక్కటే. అలాంటప్పుడే కదా రెండోవాడు కావాలి! కాలిన్స్ బాగానే ఆడుతున్నాడు. కానీ రెండో అర్ధభాగం తొలి నిమిషాల్లోనే నాలుగో ఫౌల్ పడింది. కోచ్ మార్క్ ఫ్యూ అతన్ని వెనక్కి పిలిచి దాచుకోవాల్సొచ్చింది. మళ్లీ దింపాక, ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా అయిదో ఫౌల్. కాలిన్స్ ఆడింది 14 నిమిషాలే. 9 పాయింట్లు, 7 రీబౌండ్లు... వెళ్లి కూర్చున్నాడు.

రెండు నిమిషాల ముందు వరకూ గొంజాగా 65-63తో ముందే ఉంది. ఆ తర్వాత చివరి 8 పాయింట్లూ నార్త్ కరోలినావే. 71-65. కాలిన్స్ ఉంటే గెలిచేవారా? చెప్పలేం. అయితే ఆ జూన్‌లో జరిగిన ఎన్‌బీఏ ఎంపికల్లో, కాలేజీలో ఒక్కసారి కూడా మొదటి అయిదుగురిలో ఆడని ఈ కుర్రాడిని పదో స్థానంలో తీసుకున్నారు. బెంచీ మీదివాడి విలువ తెలియనిది చూసేవాళ్లకే, ఎంచేవాళ్లకు బాగానే తెలుసు!

ఎడమచేతి మణికట్టు

మరుసటి ఏడాది వర్జీనియా విశ్వవిద్యాలయం వంతు. సీజన్ మొదలయ్యేముందు ఆ జట్టును మొదటి పాతికలో కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. తీరా చూస్తే తన లీగ్ అయిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో 18 మ్యాచ్‌లాడి 17 గెలిచింది. కోచ్ టోనీ బెన్నెట్. ఆయన తండ్రి డిక్ బెన్నెట్ కూడా కోచే. తండ్రి తయారుచేసిన రక్షణ పద్ధతినే కొడుకూ నమ్ముకున్నాడు. బుట్ట చుట్టూ ఊహల్లో ఓ గీత గీసుకుని, బంతి దగ్గరున్నవాడు తప్ప మిగతావాళ్లంతా ఆ గీత లోపలే గోడ కట్టినట్టు నిలబడతారు. లోపలికి చొరబడటం గగనం. వర్జీనియా మీద ఏ జట్టయినా మ్యాచ్ మొత్తానికీ చేసింది సగటున సుమారు 54 పాయింట్లు. దేశంలో అంత తక్కువ ఇచ్చిన జట్టు మరొకటి లేదు.

ఆ గోడలో ఒక ఇటుక డీఆండ్రే హంటర్. ఫిలడెల్ఫియా కుర్రాడు. 6 అడుగుల 7 అంగుళాలు. పొడగరుల లెక్కలో మరీ పెద్ద ఎత్తు కాదు. కానీ చేతులు పొడుగు, ఒళ్లు దృఢం, కాళ్లు చురుకు. బుట్ట కింద ఏడడుగులవాడినైనా ఆపగలడు, బయట చిన్నగార్డుల వెంటా పరుగెత్తగలడు. కాలేజీలో చేరిన మొదటి ఏడాది కోచ్ అతన్ని ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు. ‘ఓ సంవత్సరం కూర్చో, నేర్చుకో’ అన్నమాట. రెండో ఏడాది బెంచీ నుంచి పంపడం మొదలుపెట్టాడు. మ్యాచ్‌కి సుమారు 20 నిమిషాలు. సగటున 9.2 పాయింట్లు, 3.5 రీబౌండ్లు. చూడ్డానికి మామూలు అంకెలే. లీగ్ మాత్రం ఆ ఏటి ఉత్తమ ఆరో ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చింది.

ఎందుకిచ్చారో తెలియాలంటే 2018 మార్చి 1న లూయీవిల్‌లో జరిగిన మ్యాచ్ చూడాలి. ఇంకా 0.9 సెకన్లు ఉంది. వర్జీనియా 4 పాయింట్లు వెనకబడి ఉంది. ఎవరైనా టీవీ కట్టేసి పడుకునే సమయం. టై జెరోమ్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. తర్వాత ఎదుటివాళ్లు బంతిని లోపలికి అందించడంలో తప్పు చేశారు. బంతి చేతులు మారింది. అది నేరుగా హంటర్‌కి వచ్చింది. అందుకున్నాడు, విసిరాడు. బోర్డుకి తగిలి బుట్టలో పడింది. 67-66!

పది రోజులు తిరక్కుండానే న్యూయార్క్‌లో నార్త్ కరోలినాని 71-63తో ఓడించి లీగ్ కప్పు కూడా గెలిచారు. జాతీయ టోర్నమెంట్‌కి మొత్తం 68 జట్లలో మొదటి ర్యాంకు వర్జీనియాదే. అప్పటికి 31 గెలుపులు, 2 ఓటములు.

మార్చి 13, మంగళవారం. విశ్వవిద్యాలయం నుంచి ఓ ప్రకటన వచ్చింది. హంటర్ ఎడమచేతి మణికట్టు విరిగింది. లీగ్ టోర్నమెంట్‌లో తగిలిన దెబ్బ. కోలుకోవడానికి పది వారాలు. అంటే ఈ సీజన్‌కి ఇక లేనట్టే. మొదటి మ్యాచ్ శుక్రవారం. మధ్యలో ఉన్నది రెండు రోజులు.

పెద్దగా ఎవరూ కంగారుపడలేదు. మొదటి అయిదుగురూ క్షేమం. పోయింది ఆరోవాడు. పైగా మొదటి మ్యాచ్ పదహారో ర్యాంకు జట్టుతో. 1985లో టోర్నమెంట్ 64 జట్లకు పెరిగినప్పటి నుంచీ పురుషుల్లో మొదటి ర్యాంకు జట్టు పదహారో ర్యాంకు చేతిలో ఓడిందే లేదు. 135 మ్యాచ్‌లు, 135 గెలుపులు.

ఒక సగంలో 53

ఆ పదహారో ర్యాంకు జట్టు పేరు యూఎంబీసీ. యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్, బాల్టిమోర్ కౌంటీ. ఎమ్మెస్ చదవడానికి వెళ్లే మన తెలుగు విద్యార్థులకు పరిచయమున్న పేరే. ఆ కాలేజీకి చదరంగంలో జాతీయస్థాయిలో గొప్ప పేరుంది. బాస్కెట్‌బాల్‌లో అంత లేదు. అదే ఏడాది జనవరిలో ఆల్బనీ చేతిలో 83-39 తేడాతో చిత్తయిన జట్టది. పాయింట్ గార్డు కె.జె. మౌరా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మన వీధిలో నిలబడితే ఎవరూ రెండోసారి చూడని ఎత్తు.

2018 మార్చి 16 రాత్రి షార్లెట్‌లో మ్యాచ్. సగం ఆట ముగిసేసరికి స్కోరు 21-21. మెల్లగా, తక్కువ పాయింట్లతో సాగడం వర్జీనియా అలవాటే. ఇక మొదలుపెడతారు అనుకున్నారంతా.

మొదలుపెట్టింది ఎదుటివాళ్లు. యూఎంబీసీ చిన్న ఆటగాళ్లను కోర్టంతా దూరదూరంగా నిలబెట్టింది. జైరస్ లైల్స్ బంతి పట్టుకుని నేరుగా గోడలోకి దూసుకొచ్చాడు. వర్జీనియా పొడగరులు బుట్ట కింద బలవంతులే. కానీ గీత దాటి బయటికొచ్చి ఆ వేగాన్ని అందుకోలేకపోయారు. సాయానికి ఒకరు కదిలితే, ఖాళీ అయిన చోటికి బంతి వెళ్లింది. అక్కణ్నుంచి మూడు పాయింట్లు. మళ్లీ మూడు. మొత్తం 24 త్రీ పాయింటర్లు వేస్తే 12 పడ్డాయి. వర్జీనియావి 22 వేస్తే 4 పడ్డాయి. లైల్స్ 11 షాట్లలో 9 వేసి, 28 పాయింట్లు సాధించాడు.

వర్జీనియా 54. యూఎంబీసీ 74.

రెండో అర్ధభాగంలో మాత్రమే యూఎంబీసీ చేసినవి 53 పాయింట్లు. ఏడాది పొడవునా ఆ గోడ ఒక్కో జట్టుకు మ్యాచ్ మొత్తానికి ఇచ్చినన్ని పాయింట్లు దాదాపుగా ఇరవై నిమిషాల్లో పోయాయి.

ఇలాంటి ఆటకు విరుగుడు కోచ్ దగ్గర సీజన్ మొత్తం ఉంది. ఎదుటివాళ్లు చిన్నవాళ్లను దింపితే, ఒక పొడగరిని వెనక్కి పిలిచి హంటర్ని పంపేవాడు. హంటర్ గార్డుల వెంట పరుగెత్తుతాడు, బుట్ట దగ్గర కాపలా కూడా తగ్గదు. ఆ రాత్రి బెన్నెట్ ఒక ఆటగాణ్ని కాదు, ఒక ఉపాయాన్ని పోగొట్టుకున్నాడు. భారీ జట్టుతో ఉంటే వేగం చాలదు. చిన్న జట్టుతో ఉంటే బలం చాలదు. రెండింటికీ నడుమ వంతెనలా ఉన్నవాడు లేడు.

అంతా ఆ ఒక్కడి వల్లేనా?

కాదు. అలా అనడం యూఎంబీసీకి అన్యాయం. ఇరవై పాయింట్ల తేడాకు ఒక్క మణికట్టే కారణమనడం కుదరదు. వర్జీనియా షాట్లు పడలేదు, కాళ్లు కదల్లేదు. ఓటమి తర్వాత బెన్నెట్ కూడా హంటర్ లేడన్న సాకు వెతకలేదు. ఎదుటివాళ్లు తమకంటే అన్నివిధాలా బాగా ఆడారని నిండు సభలో ఒప్పుకున్నాడు. బరిలోకి దిగాక ఇలాంటివి జరుగుతాయన్నాడు.

అందరూ క్షేమంగా ఉన్నా బోల్తాపడ్డ జట్లున్నాయి. 2023లో పర్‌డ్యూ మొదటి ర్యాంకు జట్టు. బుట్ట కింద 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఎడీ ఉన్నాడు. అయినా అమెరికాలోని మొదటి శ్రేణి కాలేజీ జట్లలోకెల్లా పొట్టి జట్టయిన ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడింది.

కానీ మహిళల టోర్నమెంట్ చరిత్ర మరో మాట చెబుతుంది. అక్కడ మొదటి ర్యాంకును పదహారో ర్యాంకు ఓడించడం ఇంకా ముందే జరిగింది. 1998 మార్చిలో హార్వర్డ్ 71-67తో స్టాన్‌ఫర్డ్‌ని, అదీ వాళ్ల సొంత కోర్టులో ఓడించింది. ఆ మ్యాచ్‌కి కొద్దిరోజుల ముందే స్టాన్‌ఫర్డ్ ఫార్వర్డులు ఇద్దరు, వెనెసా నైగార్డ్, క్రిస్టిన్ ఫోకల్ మోకాలి గాయాలతో దూరమయ్యారు. వాళ్లు రిజర్వులు కారు, ప్రధాన ఆటగాళ్లే. అయినా అందులో ఓ పోలిక ఉంది. పెద్ద జట్టుకు గాయం కొత్త లోపాన్ని తెచ్చిపెట్టదు. ఉన్న లోపాన్ని కప్పిన దుప్పటిని లాగేస్తుంది.

వెనకున్నవాడి వెనకాల

ఈ కథకు మరో ముఖం కూడా ఉంది. 2014లో కెంటకీ. కోచ్ జాన్ కాలిపరి. మొదటి అయిదుగురూ మొదటి సంవత్సరం కుర్రాళ్లే. బుట్ట కింద మొదట దిగేది డకారి జాన్సన్. బెంచీ నుంచి వచ్చేది విల్లీ కాలీ-స్టీన్. 7 అడుగులు. మ్యాచ్‌కి సగటున దాదాపు మూడు షాట్లను గాల్లో కొట్టేసేవాడు.

మార్చి 28న ఇండియానాపొలిస్‌లో లూయీవిల్‌తో మ్యాచ్. కాలీ-స్టీన్ కొద్ది నిమిషాలకే చీలమండ గాయంతో కుంటుకుంటూ బయటికొచ్చాడు. జాన్సన్ 15 పాయింట్లు వేసి ఆదుకున్నాడు. కెంటకీ 74-69తో నెగ్గింది. కానీ ఒక్క రోజు విరామం తర్వాత మిషిగన్‌తో మ్యాచ్. జాన్సన్‌కి ఫౌళ్లు పడితే ఎవరు?

అప్పుడు వెలికొచ్చాడు మార్కస్ లీ. హైస్కూల్లో దేశమంతా తెలిసిన పేరు. కెంటకీలో మాత్రం బెంచీ చివరి కుర్చీ. ఆ టోర్నమెంట్‌లో అంతవరకూ అతను కోర్టులోకి దిగిందే అరుదు. మార్చి 30న పావుగంటసేపు ఆడాడు. తనవాళ్లు వేసి గురి తప్పిన బంతుల్ని గాల్లోనే అందుకుని, అటునుంచటే బుట్టలోకి కుక్కాడు. 10 పాయింట్లు, 8 రీబౌండ్లు! ఇంకా 2.3 సెకన్లు ఉందనగా ఆరన్ హారిసన్ వేసిన మూడు పాయింట్ల షాట్‌తో కెంటకీ 75-72తో గెలిచింది. పతాక శీర్షికలు హారిసన్‌వి. ఆ షాట్ దాకా మ్యాచ్‌ని మోసుకొచ్చినవాళ్లలో లీ ఒకడు.

కెంటకీ ఫైనల్‌కీ వెళ్లింది. అక్కడ కనెక్టికట్ చేతిలో 60-54తో ఓడింది. 24 ఫ్రీ త్రోల్లో 11 పోగొట్టుకోవడం ఆ రోజు పెద్ద దెబ్బ. కాలీ-స్టీన్ ఆ మ్యాచ్‌లోనూ లేడు. ఒక మ్యాచ్‌ని ఉత్సాహం నెట్టుకొస్తుంది. లోటును మాత్రం అది శాశ్వతంగా పూడ్చదు.

మరుసటి ఏడాదికి కాలిపరి దగ్గర మంచి ఆటగాళ్లు పదిమంది పోగయ్యారు. అయిదుగురు చొప్పున రెండు జట్లుగా మార్చి మార్చి దింపేవాడు. డిసెంబరులో వాళ్లలో ఒకడైన అలెక్స్ పోయ్‌థ్రెస్ మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. పదిమంది తొమ్మిదయ్యారు. అయినా వరసగా 38 మ్యాచ్‌లు గెలిచి, సెమీఫైనల్లో విస్కాన్సిన్ దగ్గర ఆగారు. ధాన్యం నిండుగా ఉన్న గాదెలో ఒక బస్తా తగ్గితే తెలియదు. వర్జీనియా గాదెలో ఉన్నవే కొన్ని బస్తాలు.

ఇప్పుడు వెళ్లేది గాయంతోనే కాదు

గాయమైతే మాని తిరిగొస్తుంది. తిరిగిరాని పోక మరొకటుంది. బెంచీ మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి వేరే కాలేజీకి వెళ్లిపోవడం. 2010 మేలో నార్త్ కరోలినాలో 6 అడుగుల 10 అంగుళాల కవల సోదరులు ట్రావిస్, డేవిడ్ వేర్ మొదటి ఏడాది పూర్తికాగానే కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏకి వెళ్లిపోయారు. కోచ్ రాయ్ విలియమ్స్ ఆ ఖాళీ పూరించడానికి, అలబామాలో డిగ్రీ పూర్తిచేసిన జస్టిన్ నాక్స్‌ని ఒక్క ఏడాది కోసం తెచ్చుకున్నాడు.

అప్పట్లో అలా మారినవాడు ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవాలి. ఆ భయంతో చాలామంది ఓపికపట్టేవారు. 2018 అక్టోబరులో కాలేజీ మారాలనుకునేవాళ్ల పేర్లు నమోదుచేసే పోర్టల్ వచ్చింది. 2021 నుంచి ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల్లో డబ్బు సంపాదించుకునే హక్కు 2021 జులైలోనే వచ్చింది. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించే వీలు కలిగింది. కుర్రాళ్లకు ఇది మేలే. ఎవరి చెమటకు విలువ వాళ్లకు దక్కాలి. ఏడడుగుల కుర్రాడికి ఒకచోట పది నిమిషాలు, మరోచోట పాతిక నిమిషాలు దొరుకుతాయంటే ఏ తల్లిదండ్రులైనా ఏమంటారు? ‘వెళ్లు నాన్నా’ అంటారు.

కోచ్‌ల కష్టం మాత్రం పెరిగింది. నాలుగేళ్లు పెంచుకుని, మూడో ఏట ప్రధాన ఆటగాడిగా నిలబెట్టే పాత పద్ధతి పలచబడింది. ఏడాది కూర్చోబెట్టి నేర్పడాన్ని నమ్ముకున్న బెన్నెట్ 2024 అక్టోబరులో కోచింగ్ నుంచే తప్పుకున్నాడు. మారిన ఈ వాతావరణానికి తాను తగనని దాపరికం లేకుండా చెప్పాడు.

మిగిలిన కథ

2018 ఓటమి తర్వాత వర్జీనియా కుర్రాళ్లకు బెదిరింపులు వచ్చాయి. ఎక్కడికెళ్లినా ఎగతాళి. కైల్ గై ఆ రాత్రి తీసిన తన ఫొటోను దాచెయ్యకుండా కళ్ల ముందే ఉంచుకున్నాడు. హంటర్‌కి ఎన్‌బీఏ దారి తెరిచే ఉంది. వెళ్లలేదు. మణికట్టు అతికించుకుని కాలేజీకే తిరిగొచ్చాడు.

2019 మార్చిలో మళ్లీ మొదటి ర్యాంకు, మళ్లీ పదహారో ర్యాంకు ప్రత్యర్థి. ఈసారి గార్డ్‌నర్-వెబ్. మొదటి సగంలో వర్జీనియా ఒక దశలో 14 పాయింట్లు వెనకబడింది. చూసేవాళ్లకు పాత రాత్రి గుర్తొచ్చింది. ఈసారి కోర్టులో హంటర్ ఉన్నాడు. 23 పాయింట్లు. 71-56తో వర్జీనియా బయటపడింది.

ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో ఫైనల్. ప్రత్యర్థి టెక్సస్ టెక్. ఇంకా పదిహేను సెకన్లయినా లేదు. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. మూలనున్న హంటర్‌కి బంతి వచ్చింది. వేశాడు. సమం! అదనపు సమయంలో మరో మూడు పాయింట్ల షాట్‌తో జట్టును ముందుకు తెచ్చాడు. మొత్తం 27 పాయింట్లు. రెండోవైపు, టెక్సస్ టెక్ మేటి ఆటగాడు జారెట్ కల్వర్‌కి కాపలా కాసిందీ అతనే. కల్వర్ 22 షాట్లు వేస్తే పడ్డవి 5. వర్జీనియా 85-77తో మొదటిసారి జాతీయ విజేత అయింది. ఎన్‌బీఏ ఎంపికల్లో హంటర్ నాలుగో స్థానంలో వెళ్లాడు.

ఏడాది కిందట అతను లేనప్పుడు జట్టు కోల్పోయిందేమిటో ఆ రాత్రి లెక్క తేలింది. 9.2 పాయింట్లు కాదు, 20 నిమిషాలు కాదు. చిన్నవాణ్నీ పెద్దవాణ్నీ ఒకేలా ఆపగల మనిషి, ఆఖరి సెకన్లలో బంతికి భయపడని చేతులు, ‘వాడున్నాడు కదా’ అన్న మిగతావాళ్ల ధీమా. స్కోరు పట్టీలో వీటికి గడులుండవు.

హంటర్ అప్పటికి మొదటి అయిదుగురిలోకి ఎదిగాడు. మరి అతను ఖాళీచేసిన కుర్చీ? ఆ ఫైనల్లో బెంచీ నుంచి లేచొచ్చిన బ్రాక్స్‌టన్ కీ బుట్ట కింద 10 రీబౌండ్లు అందుకున్నాడు. ఆ ఏడాదే అలబామా నుంచి వచ్చి చేరినవాడు. తెల్లారి పేపర్లలో పెద్ద ఫొటోలు హంటర్‌వి, గైవి. కీ పేరు వెతకాలంటే లోపలి పేజీల్లో చిన్న అక్షరాల పట్టికలోకి పోవాలి. బెన్నెట్‌కి మాత్రం వెతకాల్సిన పని ఉండి ఉండదు!